సమస్యాపూరణం: గోడ యడ్డమైనఁ గూర్మి పెరిగె

నిర్వాహకుడు: ఈ వారం పాదం పైదే. జత కుదరని రెండు కుందేళ్ళ మీద పూరించండి. ఆలుమగలు, ప్రహరీ తగాదాలు ఈసరికే విసుగెత్తించాయి, వద్దు.

పలమనేరు పంతులు:

కొట్టుకొనెడు రెండు కుందేళ్ళ నడుమను
వాసనలను మార్చి వరుసతోడ
బెత్తెడెడము నుంచి పెట్టిన తీఁగెల
గోడ యడ్డమైనఁ గూర్మి పెరిగె.

కపిలతీర్థం: మూడో పాదం చివర 'తీఁగెల' అని ఆపి గోడను జాలీ చేసేశారు. పద్యం అక్కడే గెలిచింది. ఇటుక గోడైతే చూపూ ఆనదు, వాసనా సరిగా అందదు. బెత్తెడెడము కూడా గణం కోసం పడిన మాట కాదు. ఒకే జాలీ కడితే సందులోంచి ముక్కు, పెదవి, కాలివేలు కొరికేస్తాయి. జాలీలు రెండుండాలి, మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ. 'వాసనలను మార్చి' మాత్రం పొడిపొడిగా వదిలేశారు. మార్చాల్సింది మూత్రం ట్రే, పడుకునే గుడ్డ. ఆపైన గూళ్ళకు గూళ్ళే. గడ్డం రుద్ది 'ఇది నాది' అని గుర్తు పెట్టే జంతువది. ఎదుటిదాని వాసనలో పడుకుంటే గానీ పట్టు సడలదు.

అలిపిరి మెట్టు: మెచ్చుకోళ్ళు అయినాయా సామీ? పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఊసే లేకుండా జాలీ కట్టి ఏం లాభం?

పోతు కత్తి కోర్చి పూర్తిగా నలభై
దినము లాగినపుడె తెలిసె నెమ్మి
అంతవఱకు నడుమ నావరణంబైన
గోడ యడ్డమైనఁ గూర్మి పెరిగె.

నిర్వాహకుడు: 'నలభై' సగణం. ఆటవెలది మొదటి పాదం చివర రావాల్సిన ఇంద్రగణాల్లో దానికి చోటెక్కడ? 'నలువది' అంటే నాలుగూ లఘువులై నలం అనే ఇంద్రగణం అయ్యేది. విషయం మాత్రం దిట్టం. ఆపరేషన్ అయినా మగదానికి నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టించే శక్తి ఉంటుంది. ఆడది ఈనేది సుమారు 31 రోజులకు. తొందరపడితే ఏమవుతుందో లెక్క వేసుకోండి.

అలిపిరి మెట్టు: జనం నోట ఉన్నది నలభై. మార్చను.

పలమనేరు పంతులు: మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. కిందటి పూరణలో మగదాన్ని నేరుగా ఆడదాని గూట్లోకి దించి హారతి పట్టించింది మీరే కదా! 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న తిరుపతిలో ఉంటూ ఆ మాత్రం అడిగి తెలుసుకోకూడదా? తన గూటికొచ్చినదాన్ని ఆడది చీల్చి పెడుతుంది. ముఖాముఖి రెండూ ఎరగని చోటే జరగాలి. బాత్రూం గచ్చు చాలు, కాళ్ళు జారకుండా గోనెపట్టా పరవాలి. మొదట్లో పది నిమిషాలు. దాక్కోను అట్టపెట్టె పెడితే రెండు వైపులా కన్నాలుండాలి. ఒకటే ఉంటే లోపలిది ఇరుక్కుపోతుంది.

అలిపిరి మెట్టు: ఆ పూరణకు మీరే 'బాగు' అన్నారు.

పలమనేరు పంతులు: యతికి అన్నాను.

స్వర్ణముఖి: మీరు కానివ్వండి అన్నా, నాదొకటి.

అటును నిటును పెట్ట నాకు గిన్నెలు రెండు
కంచె కంటి తినెడి కాలమందు
పగలు మఱచి మూతి పక్క మూతినిఁ జేర్చ
గోడ యడ్డమైనఁ గూర్మి పెరిగె.

అలిపిరి మెట్టు: 'ఆకు గిన్నెలు' అనక 'పెట్ట, నాకు గిన్నెలు' అని విరిస్తే అక్కే తినేటట్టుంది! పైగా బెత్తెడు ఎడముంటే మూతీ మూతీ ఎట్లా చేరతాయమ్మా?

కపిలతీర్థం: చేరతాయి. గిన్నెలు మొదట మూరెడు దూరంలో పెట్టి రోజూ కాస్త జరుపుతారు. రెండూ బెదరకుండా తింటున్నప్పుడే ఎడం తీస్తారు. ఈ పద్యం ఆ చివరి ఘట్టం. 'పగలు మఱచి' దగ్గరే నాకు పేచీ. జాలీ తీశాక ఒకటి రెండోదాని మీదెక్కడం మామూలే, కాసేపు చూసి దించితే సరి. తలవైపు ఎక్కితే క్షణం ఆగకూడదు, కిందిది మర్మాంగం కొరుకుతుంది. చెవులు వెనక్కి పడి, తోకలు లేచి, గుండ్రంగా తిరిగితే చెయ్యి అడ్డం పెట్టకండి; మందపాటి తువ్వాలో చేటో దూర్చాలి. ఒకటి తల వంచితే రెండోది నాకిందా, అప్పుడు అనండి కూర్మి అని.

నిర్వాహకుడు: తిరుపతి ఎండల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు సొమ్మసిల్లుతుంది, అలాంటప్పుడు తరుముకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ ముఖాముఖీలు కార్తీకం తర్వాత పెట్టుకోండి. తప్పదంటే తెల్లవారుజామున, గడ్డకట్టిన నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి. స్వర్ణముఖి గారి రెండో పాదానికి నా ఓటు. అలిపిరి వారిది 'నలువది' అయ్యేదాకా పక్కన ఉంటుంది.

అలిపిరి మెట్టు: ఉండనీయండి. పంతులు గారి 'నడుమను'లో ఆ 'ను' దేనికో ఎవరూ అడగరేం?