లినక్స్ మింట్ బూట్ అవ్వట్లేదు, కెర్నల్ పానిక్ అంటోంది. డేటా పోయినట్టేనా?

జిరాక్స్_వాసు:
అందరికీ నమస్తే. విజయనగరంలో నాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. షాపు పీసీలో లినక్స్ మింట్ ఉంది, మొదట 20 వేసి తర్వాత 21కి అప్‌గ్రేడ్ చేశాం. నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి సిస్టమ్ టప్పున ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద అక్షరాలు గబగబా పరిగెత్తి, చివర్లో "కెర్నల్ పానిక్, నాట్ సింకింగ్, వీఎఫ్ఎస్, అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)" దగ్గర ఆగింది. పాత రౌండ్ పిన్ కీబోర్డు మీద క్యాప్స్ లాక్ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా ఇదే వరస.

పక్క వీధిలో రిపేర్లు చేసే అతనికి ఫోటో పంపితే "డిస్కు ఎగిరిపోయింది, కొత్తది వేసి విండోస్ ఎక్కిస్తా" అన్నాడు. అందులో రెండేళ్ల పెళ్లి కార్డుల డిజైన్లున్నాయి, బ్యాకప్ లేదు (తిట్టొద్దు, ఇంట్లో ఆల్రెడీ అయ్యాయి). ఇంకో మాట, జనాల ఆధార్ కాపీలు ఉంటాయని మా తమ్ముడు ఇన్‌స్టాల్ చేసినప్పుడే డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టాడు. రోజూ ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగేది, ఇప్పుడు అదీ అడగట్లేదు. ఏం చేయమంటారు?

సెకండ్‌షో_సుబ్బు:
బ్రో, లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేసి బూట్ రిపేర్ టూల్ రన్ చెయ్. నాకు గ్రబ్ పోయినప్పుడు దాంతోనే సెట్ అయింది, ఐదు నిమిషాల పని.

రూట్_రమణి:
సుబ్బు గారూ, ఇక్కడ గ్రబ్ పోలేదండీ. ఆన్ చేయగానే కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, లోడ్ చేసేదే గ్రబ్. అది పోయుంటే కెర్నల్ దాకా వచ్చేదే కాదు. కెర్నల్ లోడ్ అయ్యింది, అయ్యాకే పానిక్ అయింది. పైగా ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు, బూట్ రిపేర్ ఆటోమేటిక్‌గా ఏదో ఒకటి కెలికితే ఇంకో తలనొప్పి. కాస్త ఆగండి.

వాసు గారూ, మీకు తెలియకుండానే అసలు క్లూ మీరే ఇచ్చారు: పాస్‌వర్డ్ అడగట్లేదు అన్నారు. పాస్‌వర్డ్ అడిగేది కెర్నల్ కాదు, దానితో పాటు లోడ్ అయ్యే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూట. తాళంచెవుల గుత్తి అనుకోండి. డిస్కు డ్రైవర్లు, పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్ అందులోనే ఉంటాయి. గుత్తి లేకపోతే కెర్నల్ తలుపు దాకా వచ్చి నిలబడిపోతుంది, ఏ డిస్కు తెరవాలో కూడా తెలీదు, అందుకే (0,0). డిస్కు నిజంగా పోయుంటే చాలాసార్లు ఐఓ ఎర్రర్లు వరసపెట్టి వస్తాయి, లేదా బయోస్‌లోనే కనబడదు. కాబట్టి డిస్కు పోయిందని ఇప్పుడే తేల్చేయకండి, ఫార్మాట్ మాటే వద్దు.

ఒక్కో కెర్నల్‌కి దాని గుత్తి వేరే ఉంటుంది, కాబట్టి పాత కెర్నల్‌తో ప్రయత్నించండి. ఆన్ చేసి, బయోస్ లోగో రాగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) మదర్‌బోర్డు అయితే ఎస్కేప్. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, అన్నిటికంటే పైది కాకుండా దాని కింద ఉన్న నంబరు ఎంచుకోండి, రికవరీ మోడ్ కాదు, మామూలుదే.

ఒక ప్రశ్న: ఈ మధ్య అప్‌డేట్ చేసినప్పుడు ఏదైనా ఎర్రర్ వచ్చిందా?

జిరాక్స్_వాసు:
షిఫ్ట్ పనిచేయలేదు మేడం. ఎస్కేప్ టకటకా కొడితే మెనూ రాకుండా "గ్రబ్" అని, పక్కన బాణం గుర్తుతో ఖాళీ స్క్రీన్ వచ్చింది. ఇప్పుడు ఇంకా పాడు చేశానా?

అప్‌డేట్ అంటే... పది రోజుల కింద చేశాను, చివర్లో ఎర్ర డబ్బా ఏదో వచ్చింది. కస్టమర్లు క్యూలో ఉన్నారు, క్లోజ్ కొట్టేశా. ఆ తర్వాత కూడా సిస్టమ్ బాగానే నడిచింది కదా.

రూట్_రమణి:
ఏం పాడవలేదు, ఎస్కేప్ ఎక్కువసార్లు పడితే అలాగే వస్తుంది. అక్కడ నార్మల్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒకే ఒక్కసారి ఎస్కేప్ నొక్కండి.

మరి ఈ పది రోజుల్లో సిస్టమ్ ఒక్కసారైనా షట్‌డౌన్ చేశారా?

జిరాక్స్_వాసు:
వచ్చింది! ఐదు పాత కెర్నల్స్ కనిపించాయి, పైనుంచి రెండోది ఎంచుకుంటే పాస్‌వర్డ్ అడిగింది, డెస్క్‌టాప్ కూడా వచ్చేసింది. పెళ్లి కార్డులన్నీ ఉన్నాయి. దణ్ణం మేడం.

షట్‌డౌన్ లేదండీ, రాత్రిళ్లు సస్పెండ్‌లో పెట్టి వెళ్తాను, పొద్దున్నే త్వరగా లేస్తుందని.

రూట్_రమణి:
అదీ సంగతి. కరెంటు పోవడం వల్ల పాడవలేదు, పదిరోజుల కిందే సగంలో ఆగిన అప్‌డేట్‌ని కరెంటు బయటపెట్టింది, అంతే. మీరు సస్పెండ్‌లోనే పెడుతుండటంతో పాత కెర్నలే నడుస్తూ వచ్చింది, రీస్టార్ట్ అయ్యేసరికి గ్రబ్ మాత్రం కొత్తదాన్ని ఎత్తుకుంది.

ముందు మీ ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. ఇప్పుడే, మిగతాది తర్వాత. అయ్యాక టెర్మినల్ తెరిచి "డీఎఫ్ హైఫన్ హెచ్" కొట్టి, స్లాష్ బూట్ (కెర్నల్స్, వాటి గుత్తులు ఉండే చోటు) అన్న లైన్లో ఏముందో చెప్పండి. నేను కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషులోనే కొట్టాలి.

జిరాక్స్_వాసు:
కాపీ అయ్యింది. స్లాష్ బూట్ సైజు 705 ఎంబీ, వాడింది 100 శాతం అంటోంది. నెట్‌లో చూసి "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్" (అక్కర్లేని పాతవి తీసేసే కమాండ్) కొడితే, డీపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయి ఉందని, ముందు "డీపీకేజీ కాన్ఫిగర్" కొట్టమంది. అది కొడితే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". ఇది చేయాలంటే అది కావాలి, అది చేయాలంటే ఇది కావాలి.

తుప్పుపట్టిన_టక్స్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేనూ ఇదే గోతిలో పడ్డవాణ్ణే. ఎన్‌క్రిప్షన్ పెడితే స్లాష్ బూట్ వేరే చిన్న పార్టిషన్ అవుతుంది, ఒక్కో కెర్నల్ గుత్తి వంద ఎంబీ దాకా తింటుంది, నాలుగైదు పోగయ్యాయంటే డబ్బా నిండిపోతుంది. మీ ఆరోదానికి చోటు లేక గుత్తి తయారవలేదు, ఎర్ర డబ్బా అందుకే వచ్చింది.

చేత్తో కాస్త చోటు చేసి ఇవ్వాలి. "యూనేమ్ హైఫన్ ఆర్" కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు వస్తుంది, కాగితం మీద రాసుకోండి. దాన్ని ముట్టుకోవద్దు. స్లాష్ బూట్‌లో "ఇనిట్‌ఆర్‌డీ డాట్ ఐఎంజీ" పేరుతో ఉన్న ఫైళ్లలో (గుత్తులు ఇవే) బాగా పాత నంబర్లవి రెండు చూసి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) పెన్‌డ్రైవ్‌లోకి మూవ్ చేయండి. డిలీట్ వద్దు, మూవ్ చాలు. తర్వాత వరసగా: సుడో డీపీకేజీ, స్పేస్, రెండు హైఫన్లు కాన్ఫిగర్, స్పేస్, హైఫన్ ఏ. అది ఎర్రర్ లేకుండా అయితేనే సుడో ఆప్ట్ ఆటోరిమూవ్, ఆ తర్వాత సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్. డీపీకేజీ నడుస్తున్నప్పుడు కొత్త నంబరుతో "అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, జెనరేటింగ్" అనే లైను కనిపించాలి. అది కనిపించకుండా రీస్టార్ట్ చేయొద్దు.

రూట్_రమణి:
టక్స్ గారు చెప్పింది కరెక్ట్. అయ్యాక మింట్ అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ ట్యాబ్‌లో, వాడని పాత కెర్నల్స్ తీసేసే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేయండి. వారానికోసారి సస్పెండ్ బదులు రీస్టార్ట్ కూడా చేయండి, సమస్య ఉంటే ఖాళీ ఉన్న రోజునే తెలుస్తుంది, గాలివాన రోజు కాదు.

జిరాక్స్_వాసు:
సెట్టయింది. జెనరేటింగ్ లైను దగ్గర ఓ నిమిషం కదల్లేదు, నా గుండె కూడా. ఆటోరిమూవ్ మూడు కెర్నల్స్ తీసేసింది, స్లాష్ బూట్ ఇప్పుడు 55 శాతం దగ్గరుంది. రీస్టార్ట్ చేస్తే మామూలుగా పాస్‌వర్డ్ అడిగి లోపలికి వచ్చేసింది. రిపేరు అతనికి ఫోటో పంపా, బొటనవేలు ఎమోజీ పెట్టాడు.

పెన్‌డ్రైవ్‌లోకి మార్చిన రెండు ఫైళ్లు తీసేయొచ్చా?

తుప్పుపట్టిన_టక్స్:
ఆ నంబర్ల కెర్నల్స్ ఆటోరిమూవ్‌లో పోయాయి కదా, ఇక వాటితో పనిలేదు. తీసేయండి. యూపీఎస్ బ్యాటరీ మాత్రం మార్పించండి అన్నా.