“హెచ్‌ఎంఎస్ మరాగా అనే యుద్ధనౌక” అని రాయొచ్చా?

ప్రశ్న: మాల్దీవుల యుద్ధకాల చరిత్ర అనువదిస్తున్నాను. అడ్డూ అటోల్‌లో (వలయంలా ఉన్న పగడపు దీవుల్లో) హెచ్‌ఎంఎస్ మరాగా ఉండేదని మూలంలో ఉంది. హెచ్‌ఎంఎస్ అంటే బ్రిటిష్ యుద్ధనౌకల పేర్ల ముందు పెట్టేదే కదా. “యుద్ధనౌక” అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. మరాగా అంటే ఆ పగడపు దీవుల్లో బ్రిటిష్ నేవీ నేల మీద కట్టుకున్న స్థావరం. ప్రతి నావికుడి పేరూ ఏదో ఒక ఓడ పద్దులో ఉండాలన్నది వాళ్ల పాత పద్ధతి. అందుకే ఒడ్డున ఉన్నవాటికీ ఓడ పేర్లే పెట్టేవారు. 1804లో కరీబియన్ దీవి మార్టినిక్ దగ్గర సముద్రంలో ఉన్న డైమండ్ రాక్ అనే కొండరాయిని పట్టుకుని దాన్నే ఓడగా నమోదు చేశారు! ఇలాంటివాటిని నావికులు స్టోన్ ఫ్రిగేట్ (ఫ్రిగేట్ అంటే ఒక రకం యుద్ధనౌక) అంటారు. విశాఖలో ఉత్తర సర్కారుల పేరు పెట్టుకున్న ఐఎన్‌ఎస్ సర్కార్స్ కూడా ఓడ కాదు కదా, అదే సంప్రదాయం.

అలాగని “రాతి నౌక” అనకండి, హంపీ రథంలాంటిదేదో అనుకుంటారు. “మరాగా తీర స్థావరం” అంటే చాలు.

ఈ తేడా పట్టించుకోవాలి. ఆ స్థావరాన్ని 1941లో రహస్యంగా మొదలుపెట్టారు. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద, 9న ట్రింకోమలి మీద దాడి చేశాయి. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ నౌకాదళంలో ఎక్కువ భాగం ఆ రెండుచోట్లా దొరకలేదు. ఇంధనం, మంచినీళ్ల కోసం 4వ తేదీకే అడ్డూ చేరింది. అలాంటి చోటొకటి ఉందని జపాన్‌కు తెలియదు. కొలంబోకు పంపిన కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే యుద్ధనౌకలు మాత్రం తిరిగి దళంలో కలవడానికి వస్తూ 5న మునిగిపోయాయి. విశాఖ, కాకినాడల మీద బాంబులు పడింది ఆ మర్నాడే. మన పాఠకులకు ఈ సంగతి ఒక వాక్యంలోనైనా చెప్పండి.

ప్రశ్న: దాని రహస్యనామం “పోర్ట్ టి”. “టి రేవు” అనొచ్చా?

జవాబు: వద్దు. చోటు బయటపడకూడదనే పెట్టిన పేరది, అలాగే ఉంచండి. పైగా రేవు అంటే మనకు సరుకు ఎక్కించి దించే చోటు గుర్తొస్తుంది. అడ్డూలో ఉన్నది చుట్టూ పగడపు దిబ్బలు, మధ్యలో పెద్ద ఓడలు లంగరు వేసుకునేంత లోతైన నీళ్లు. వర్ణన వచ్చినచోట “లంగరు తావు” అని వాడండి.