జామెట్రీ బాక్సు చెరువులో పడేసిన కుర్రాడు: పాప స్వభావమా, వయసా?

రాజాం టీచరమ్మ:
మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పక్కవాడి జామెట్రీ బాక్సు తీసి చెరువులో పడేశాడు. వాడి దగ్గర అంతకంటే మంచిదే ఉంది. ఆదివారం ఆరాధన తప్పని కుటుంబం. పాస్టరుగారేమో, "పుట్టుకతో వచ్చిన పాప స్వభావం, ఒప్పుకుంటే క్షమాపణ ఉంది" అన్నారు. స్కూలుకొచ్చే కౌన్సిలరేమో, "వాడి ముందు పాపం అన్న మాటే ఎత్తకండి, నేను చెడ్డవాణ్ణి అని ముద్ర వేసుకుంటాడు" అంది. వాడు నాతో అన్నది ఇది: "తీసినప్పుడు భయమేసింది మేడమ్. నీళ్లలో బుడుంగుమన్నప్పుడు బాగుంది. అదే టెన్షన్‌గా ఉంది." ఎవరి మాట వినమంటారు?

బొబ్బిలి వీణ:
కౌన్సిలరు మాటే. మనిషిలో ఎదిగే గుణం సహజంగా ఉంటుంది, షరతులు పెట్టకుండా అంగీకరిస్తే అది బయటికొస్తుంది అన్నాడు అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్. ఆయనా పాస్టరు కావాలనే న్యూయార్క్ సెమినరీలో చేరి, రెండేళ్లకు వదిలేసి సైకాలజీకి వెళ్లినవాడే. సండే స్కూల్లో "నువ్వు పాపివి" అని వినీ వినీ, జ్వరమొచ్చినా నా పాపమేనని ఏడ్చేదాన్ని నేను.

పలాస జీడిపిక్క:
చెల్లెమ్మా, మీ సండే స్కూలు సగమే చెప్పింది. దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడన్నది ఆదికాండం మొదటి అధ్యాయం. ఆదాము హవ్వలు వద్దన్న పండు తినడం మూడో అధ్యాయం. ముందున్నది మరిచిపోతే ఎలా? సైకాలజీదీ ఒకటే మాట కాదు. దాడి చేసే గుణం మనిషికి పుట్టుకతోనే ఉందన్న ఫ్రాయిడ్‌ను అడిగితే రోజర్స్ వైపు కాదు, పాస్టరుగారి వైపే మొగ్గుతాడు.

ఇక బాక్సు సంగతి. నాలుగో శతాబ్దంలో, తర్వాత పెద్ద క్రైస్తవ పండితుడైన అగస్టీను పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి రాత్రిపూట బేరిపళ్లు దొంగిలించాడు. వాళ్లింట్లో అంతకంటే మంచివి ఉన్నాయి. కోసినవి పందులకు వేశారు. తప్పు చేయడమే రుచిగా అనిపించిందని నలభై దాటాక రాసుకున్నాడు. ఉద్దానం జీడితోటల్లో మా బ్యాచ్ చేసిందీ అదే, పందులు తప్ప. జన్మపాపం అన్న ఆలోచన పాశ్చాత్య సంఘాల్లో ఇంత పాతుకుపోయింది ఎక్కువగా ఆయన వల్లే.

బొబ్బిలి వీణ:
అన్నయ్యా, ఒక్కణ్ణే అయితే ఆ పని చేసేవాణ్ణి కానని కూడా ఆయనే రాశాడు. అది మాత్రం చెప్పరు! 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి చూశారు. స్నేహితులు పక్కనుంటే టీనేజీ పిల్లలు బాగా తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా పెద్దగా లేదు. టీచరుగారూ, ఆరోజు చెరువుగట్టు మీద ఇంకెవరున్నారు?

చీపురుపల్లి మాస్టారు:
ఇద్దరూ కుర్రాణ్ణి వదిలేసి పుట్టుకను పట్టుకున్నారు. డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు చేసిన ఒక ప్రయోగం 1973లో అచ్చైంది. ప్రిన్స్‌టన్‌లో పాస్టరు చదువు చదివే నలభైమందిని ప్రసంగం చెప్పమని పక్క భవనానికి పంపారు. కొందరి అంశం మంచి సమరయుడి ఉపమానం, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఆగి ఆదుకున్నవాడి కథ. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతున్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగారు. "ఆలస్యమైపోయింది, పరుగెత్తు" అని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. సమరయుడి గురించి మాట్లాడబోతున్నవాళ్లూ దాటిపోయారు! వాళ్లు చెడ్డవాళ్లని నేననను. బైబిల్లో రోమా పత్రిక (రోమా సంఘానికి రాసిన ఉత్తరం) ఏడో అధ్యాయంలో పౌలు మొత్తుకున్నది ఇదే కదా, చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని. ఆ మాట అన్నది అపొస్తలుడు. మన కుర్రాడికి పద్నాలుగేళ్లు.

పలాస జీడిపిక్క:
మాస్టారూ, పౌలును మా వైపు లెక్కేసుకుంటున్నా.

రాజాం టీచరమ్మ:
వీణగారూ, కనుక్కున్నాను. గట్టు మీద ముగ్గురున్నారు, "పడేయ్ రా" అని అరిచారట. వాళ్లనెవరూ ఏమీ అనలేదు. ఇదే వాడితో అంటే కాసేపు గోడకేసి చూసి, "ఆళ్లు అరవకపోయినా పడేసేవాణ్ణేమో మేడమ్" అన్నాడు. దాచుకున్న డబ్బుల్తో కొత్త బాక్సు కొంటానన్నాడు. ఆ మాట పాస్టరుగారికీ కౌన్సిలరుకీ ఇంకా చెప్పలేదు.