రెండో శనివారం, ఆదివారం: అరకా, సూర్యలంకా?

పటమట కుర్రోడు:
శుక్రవారం రాత్రి బెజవాడలో బయల్దేరి సోమవారం పొద్దున ఆఫీసులో ఉండాలి. మేమిద్దరం, అన్నయ్యా వదినా, పిల్లలు నలుగురు, మోకాళ్ల నొప్పులతో అమ్మ. కార్తీకం కదా, అన్నయ్య అరకు అంటున్నాడు. నాకేమో సూర్యలంక అనిపిస్తోంది. తేల్చండి.

బ్రాడీపేట బాబాయ్:
ఇందులో తేల్చడానికేముంది? గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల 50 కిలోమీటర్ల పైచిలుకు, అక్కణ్ణించి సముద్రం 9. మీకు బెజవాడ నుంచి ఇంకో 35 కలుస్తుంది. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే పదింటికి నీళ్లలో ఉంటారు. బాపట్లలో భావనారాయణ స్వామి దర్శనం కూడా అయిపోతుంది. అరకు అంటే ముందు విశాఖ దాకా 350, ఆపైన 115. రెండు రోజుల సెలవులో ఒకటిన్నర రోజు ప్రయాణమే.

కొండగాలి:
బాబాయ్ గారూ, అరకు దారే సగం యాత్ర. శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ. ఏడు లోపే కిరండూల్ రైలుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించడానికి వేసిన లైను అది. సొరంగం దాటిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెడతారు. 2017 నుంచి అద్దాల బోగీ కూడా తగిలించారు. ఈ నెలలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, చాపరాయి. సూర్యలంకలో ఏముంది, నీళ్లూ ఎండా తప్ప?

బ్రాడీపేట బాబాయ్:
రాత్రి రైలు గంట ఆలస్యమైతే?

కొండగాలి:
ఎందుకవుతుంది?

బ్రాడీపేట బాబాయ్:
ఎందుకవుతుందా! బెజవాడ స్టేషన్ బయట సిగ్నల్ కోసం ఎప్పుడూ నిలబడలేదా మీరు? ఆ కిరండూల్ బండి తప్పితే తొమ్మిదిమందికి రెండు కార్లు మాట్లాడుకోవాలి. అనంతగిరి ఘాట్ మలుపుల్లో పిల్లలకి వాంతులు. మోకాళ్ల నొప్పులావిడ బొర్రా మెట్లు దిగి ఎక్కగలదా?

ఎర్రబస్సు:
మధ్యేమార్గంగా మారేడుమిల్లి చూడండి. రాజమండ్రి నుంచి ఓ 85 ఉంటుంది. బొంగులో చికెన్ బాగుంటుంది.

కొండగాలి:
కార్తీకంలో చికెన్ ఏంటి సార్.
బాబాయ్ గారూ, ఆవిణ్ణి పైనే చల్లగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పిస్తే సరి. రైలు ఆలస్యం గురించి మీరు లెక్కే చెప్పలేదు, భయం చెప్పారు.

తెనాలి కోడలు:
సూర్యలంక అయితే పులిహోర ఎవరు కలుపుతారు?

బ్రాడీపేట బాబాయ్:
భయం కాదు, అనుభవం. మా తమ్ముడి కుటుంబంతో డిసెంబరులో వెళ్లాం. ముందే డబ్బు కట్టిన లాడ్జివాడు, తీరా రాత్రి వెళ్తే మా గది ఇంకెవరికో ఇచ్చానన్నాడు. ఆ చలిలో కార్లోనే పడుకున్నాం. మా మరదలు ఇప్పటికీ నన్నే అంటుంది.

కొండగాలి:
ఒక లాడ్జివాడు మోసం చేస్తే కొండదా తప్పు? కార్తీక పౌర్ణమి దగ్గర్లో సూర్యలంక చూశారా? జిల్లా జిల్లా అంతా అక్కడే. పైగా ఇది తుపాన్ల కాలం. వాయుగుండం పడితే సముద్రం దగ్గరికే రానివ్వరు.

ఓడరేవు:
మాది వేటకెళ్లే ఇల్లు. ఒక్క మాట చెప్పి పోతా. అలలు విరుగుతున్న చోటు చూసి జనం భయపడతారు, నడుమ నున్నగా ఉన్న చోటికెళ్లి దిగుతారు. లాగేది అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ అటే వెనక్కి పోతాయి. లాగితే ఒడ్డుకి ఎదురీదొద్దు, పక్కకి ఈదాలి. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు.

తెనాలి కోడలు:
నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

బ్రాడీపేట బాబాయ్:
పులిహోరదేముందమ్మా, గంట పని. ఆపైన ఆడవాళ్లు హాయిగా నీడన కూర్చుంటారు. వాళ్లకి అదే విశ్రాంతి.

తెనాలి కోడలు:
విశ్రాంతా? మూడింటికి లేచి తొమ్మిదిమందికి పులిహోర, దద్దోజనం, పెద్దావిడకి విడిగా ఉప్పు తగ్గించి ఇంకోటి. అక్కడికెళ్లాక మగవాళ్లు నీళ్లలో దూకుతారు. మేం చెప్పులూ ఫోన్లూ బంగారం కాపలా. ఓడరేవు గారు చెప్పారే, మోకాలి లోతు, ఆ లోతు కొలుస్తూ ఒడ్డున గొంతు చించుకునేదీ మేమే. తడిబట్టలు మార్చుకోవడానికి చాటు కోసం నలుగురం చీర పట్టుకుని నిలబడాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఇసుక బట్టలు ఉతకాలి. మా ఆయన మాత్రం స్టేటస్ పెట్టుకుని నిద్రపోతాడు.

బ్రాడీపేట బాబాయ్:
మీ ఇంటి గొడవ మీ ఇంట్లో చూసుకోండి. ఇక్కడ అడిగింది కొండా సముద్రమా అని.

కొండగాలి:
అందుకే చెప్పాను, అరకు అయితే వంట ఉండదు!

తెనాలి కోడలు:
మీరు సంబరపడకండి. ఘాట్‌లో వాంతి కవర్లు ఎవరి ఒళ్లో ఉంటాయి? రెండు రాత్రులు రైల్లో సామాను మీద కాలేసుకుని సగం నిద్ర ఎవరిది? పెద్దావిణ్ణి పైనే కూర్చోబెట్టమన్నారు, పక్కన ఎవరు కూర్చుంటారు, మీరా? గుహ చూడకుండా వచ్చేది ఆ ఇంటి కోడలే. బాబాయ్ గారూ, ఇందాక మీ మరదలు మిమ్మల్నే అంటుందన్నారు. ఆవిడ లాడ్జి గురించే అంటోందా, ఎప్పుడైనా అడిగారా?

బ్రాడీపేట బాబాయ్:
హద్దులో ఉండండి.

ఎర్రబస్సు:
నేను బొంగులో చికెన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. అందరూ శాంతించండి.

పటమట కుర్రోడు:
ఫోను వంటింట్లో పెట్టి ఇదంతా చదివించా. వదినా, మా ఆవిడా ఒకే మాట మీద ఉన్నారు: శనివారం ఒక్కరోజే తిరుగుడు, తిండి బయటే, ఆదివారం తొమ్మిదింటిదాకా ఎవరూ లేపకూడదు. అమ్మని అడిగితే బందరులో చిలకలపూడి పాండురంగడి గుడి అంది. కార్తీకంలో చూడాలని ఎప్పట్నించో ఉందట, ఎవరూ అడగలేదట. బందరు 70 కిలోమీటర్లే కాబట్టి పొద్దున గుడి, మధ్యాహ్నం హోటల్లో భోజనం, అటునుంచి మంగినపూడి. పిల్లల్ని అన్నయ్యా నేనూ చూసుకుంటాం అన్నాం. నమ్మలేదు గానీ ఒప్పుకున్నారు. అన్నయ్య మాత్రం అరకు టికెట్ల పేజీ ఇంకా మూయలేదు.

కొండగాలి:
దీనికి యాత్ర అని పేరా? ఊరి చివరిదాకా వెళ్లి రావడం!

బ్రాడీపేట బాబాయ్:
మంగినపూడిలో ఇసుకెక్కడుంది నాయనా, నల్లమట్టి కదా. పిల్లల బట్టలకి అంటితే వదలదు. సూర్యలంక ఇసుక అయితే దులిపితే పోతుంది.

తెనాలి కోడలు:
దులిపేది ఎవరండీ?