8051 మైక్రోకంట్రోలర్ చిప్పు నుంచి లాప్‌టాప్‌కి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి, ఎక్కడ చూడాలి?

గాజువాక విద్యార్థి: అందరికీ నమస్కారం. ఫైనలియర్ ప్రాజెక్టు. 8051 బోర్డు నుంచి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ మీదుగా ‘వైజాగ్’ అని ఇంగ్లిష్ అక్షరాలు పంపితే తెర మీద ప్రశ్నార్థకాలు, గళ్లు కనిపిస్తున్నాయి. రెండు వైపులా బాడ్ రేట్ (సెకనుకు ఎన్ని బిట్లు అన్న వేగం) 9600 పెట్టాను. ప్రోగ్రాం పదిసార్లు చూశాను. శుక్రవారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం: తమ్ముడూ, కాసేపు ప్రోగ్రాం జోలికి వెళ్లకు. బోర్డు వైర్లు తీసేసి, కన్వర్టర్ టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) పిన్నులు రెండింటినీ ఒక జంపర్‌తో కలుపు. లాప్‌టాప్‌లో సీరియల్ అక్షరాలు చూపే పుట్టీ ప్రోగ్రాంలో ఏదో ఒకటి టైప్ చెయ్యి. కొట్టిన అక్షరమే తిరిగొస్తే లాప్‌టాప్, డ్రైవర్, కన్వర్టర్ మూడూ బాగున్నట్టే. మళ్లీ బోర్డుకి తగిలించేటప్పుడు చిప్పు 11వ కాలు కన్వర్టర్ ఆర్‌ఎక్స్‌కి వెళ్లాలి, గ్రౌండ్ రెండింటికీ కలవాలి. మన ఉప్పుగాలికి జంపర్ల కొసలు తుప్పు పడతాయి, అవీ ఓసారి చూడు.

గాజువాక విద్యార్థి: టైప్ చేసినవి తిరిగొచ్చాయన్నా. గ్రౌండ్ ఉంది, జంపర్లు కొత్తవి. అయినా అంతే.

మద్దిలపాలెం: చిప్పు పక్కన, దానికి క్లాక్ ఇచ్చే వెండిరంగు క్రిస్టల్ మీద ఏం రాసుంది?

గాజువాక విద్యార్థి: 12.000. మొన్న డాబాగార్డెన్స్‌లో కొన్నదే.

మద్దిలపాలెం: దొరికింది. చిప్పు లోపల జరిగే లెక్క ఇది: 12 మెగాహెర్ట్జ్‌ని 12తో, మళ్లీ 32తో భాగిస్తే 31,250. టైమర్ 1లో నువ్వు 253 వేసుంటావు, 256లోంచి అది తీస్తే 3, అంటే ఇంకో 3తో భాగహారం. వచ్చేది 10,417. నీకు కావలసింది 9600. ఎనిమిదిన్నర శాతం తేడా! సీరియల్‌లో క్లాక్‌కి వేరే వైరు ఉండదు. ప్రతి అక్షరం ముందు వచ్చే స్టార్ట్ బిట్ దగ్గర మొదలుపెట్టి ఎవరి లెక్క వాళ్లదే. పదో బిట్ వచ్చేసరికి ముప్పాతిక బిట్ జరిగిపోతుంది. అదే 11.0592 క్రిస్టల్ అయితే 28,800 వస్తుంది, 3తో భాగిస్తే సరిగ్గా 9600. ఆ వింత అంకె అందుకే. ఈ రాత్రికి మాత్రం టైమర్‌లో 243 వేసి, పుట్టీలో 2400 పెట్టు. 2404 వస్తుంది, ఆ కాస్త తేడా ఏమీ చెయ్యదు. నేను చదువుకునే రోజుల్లో ఇదే క్రిస్టల్‌తో మూడు రాత్రులు నిద్ర లేదు, నీకలా కాకూడదు.

గాజువాక విద్యార్థి: వచ్చేసిందన్నా! ఐదక్షరాలూ వచ్చాయి. ల్యాబ్ కంప్యూటర్‌కి వెనక 9 పిన్నుల పోర్టుంది, దానికి నేరుగా కలపొచ్చా?

మద్దిలపాలెం: వద్దు, చిప్పు పోతుంది. నీది 5 వోల్టుల చిప్పు. ఆ పోర్టులో 1 అంటే మైనస్ వోల్టేజీ, 0 అంటే ప్లస్, 15 వోల్టుల దాకా ఉండొచ్చు. మధ్యలో ఈ వోల్టేజీలని మార్చే మ్యాక్స్‌232 చిప్పు పెట్టు. 8051 11వ కాలు దాని 11కి, దాని 14 నుంచి పోర్టు 2వ పిన్నుకి, పోర్టు 5 గ్రౌండ్‌కి. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు కావాలి. మ్యాక్స్‌232 6వ కాలు దగ్గరిది జాగ్రత్త, దాని మైనస్ కొస 6కి, ప్లస్ కొస గ్రౌండ్‌కి. చాలామంది తిరగేసేది అక్కడే. పోర్టుకి తగిలించే ముందు మీటర్ పెట్టి చూడు, 6 దగ్గర మైనస్ వోల్టేజీ కనిపించాలి.