శనివారం మన సంఘం వార్షికోత్సవం: వ్యాన్లు, డ్రైవర్లు (ఈ రాత్రికే తేలాలి)

రవాణా (బుధవారం రాత్రి)
అందరికీ నమస్కారం. ఈ రాత్రి బుక్ చేయకపోతే పెద్ద బండ్లు దొరకవు, అందుకే పనులన్నీ ఒకచోట పెడుతున్నాను. మొదటిది, రెండు వ్యాన్లు, ఒక సెవెన్ సీటర్ బుకింగ్. రెండు, నడిపేవాళ్ళ లైసెన్సులు. మూడు, శుక్రవారం సాయంత్రం కళాకారుల్ని విమానాశ్రయం నుంచి తేవడం. నాలుగు, స్పీకర్లు, బ్యాక్‌డ్రాప్ హాలుకు చేర్చడం. ఐదు, ఆదివారం బండ్లు అప్పగించడం. ఎవరు ఏది చూసుకుంటారో పదిలోగా చెప్పండి.

అతిథులు
మూడోది నాకు వదిలేయండి. ఫ్లైట్ టైములు పొద్దున్నే పెడతాను.

కోశాధికారి
బుకింగ్ ఆపండి. పోయినసారి వ్యాన్ ఇచ్చిన కంపెనీ నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. వెనక బంపర్ ఎడమ మూల గీసుకుపోయిందట. రిపేరు ఖర్చు, రిపేరులో ఉన్నన్నాళ్ళూ బండి తిరగలేదని ఇంకో నష్టం, ఫైలు నడిపినందుకు ఫీజు, అన్నీ కలిపి కట్టమంటున్నారు. అది తేలేదాకా మన సంఘానికి కొత్త బండి ఇవ్వరట. కట్టకపోతే ఫైల్లో ఉన్న కార్డు మీద లాగేస్తామని రాశారు. ఆ కార్డు సంఘానిది కాదు, నాది. ఇంట్లో ఏం చెప్పుకోవాలో మీరే చెప్పండి.

సౌండ్
మరి స్పీకర్లు? సబ్‌వూఫర్లు మామూలు కారు డిక్కీలో పట్టవు.

వేదిక
పోయినసారి బండి అప్పగించింది ఎవరు? అర్ధరాత్రి తాళాలు డబ్బాలో పడేసి వచ్చేశారని విన్నాను, అలా చేస్తే వాళ్ళు ఏదైనా అంటారు కదా.

రవాణా
నేనే అప్పగించాను అక్కా. హాలు ఖాళీ అయ్యేసరికి పన్నెండు దాటింది, కౌంటర్ మూసేశారు, తెల్లారితే నాకు డ్యూటీ. సర్దడానికి ఉంటామన్నవాళ్ళు ఒక్కరూ లేరు ఆ టైముకి. ఇప్పుడు అందరి ముందూ నన్ను బోనులో నిలబెడితే ఈసారి రవాణా ఇంకెవరైనా చూసుకోండి.

కోశాధికారి
బాధపడితే పడండి గానీ అడగాల్సింది అడుగుతాం. పోయేది నా డబ్బు.

సలహాదారు
ఇద్దరూ కాస్త ఆగండి. అర్ధరాత్రి డబ్బాలో తాళాలు వేయడం తప్పేమీ కాదు, వాళ్ళు పెట్టిందే ఆ డబ్బా. కాకపోతే చాలా కంపెనీల ఒప్పందాల్లో, మర్నాడు వాళ్ళ మనిషి వచ్చి బండి చూసేదాకా బాధ్యత అద్దెకు తీసుకున్నవాళ్ళదే అని ఉంటుంది. కాబట్టి ఎవరు ఇచ్చారన్నది వదిలేసి మన దగ్గర ఏ ఆధారం ఉందో వెతకండి. జవాబులో "కడతాం" అని గానీ "పొరపాటైంది" అని గానీ ఒక్క ముక్క కూడా రాయకండి. నాలుగు కాగితాలు అడగండి: బండి ఇచ్చేటప్పుడు రాసిన షీటు, ఏ రోజు ఏ టైముకి తీశారో తెలిసేలా వాళ్ళ ఫొటోలు, రిపేరు బిల్లు, ఆ రోజుల్లో బండి నిజంగా అద్దెకు దొరకని స్థితిలో ఉందని చూపే రికార్డు. వాళ్ళ దగ్గర వేరే వ్యాన్లు ఖాళీగా ఉండి ఉంటే ఆ "తిరగని రోజుల నష్టం" మీద గట్టిగా వాదించొచ్చు. కార్డు బ్యాంకుకు కూడా ఇప్పుడే ఫోన్ చేసి ఈ విషయంలో తగువు నడుస్తోందని చెప్పి పెట్టండి, డబ్బు లాగేశాక చెప్పడం కంటే అది నయం.

వేదిక
మనం బీమా తీసుకున్నాం కదా, ఇంకా కట్టడమేంటి?

సలహాదారు
కౌంటర్లో ఇచ్చే డ్యామేజ్ కవర్ చాలావాటిలో ఎక్సెస్ ఉంటుంది, అంటే అంతవరకు మనమే భరించాలి. టైర్లు, అద్దాలు, టాప్, బండి కింద భాగం చాలాసార్లు అసలు కవర్లోనే ఉండవు. క్రెడిట్ కార్డు కవర్ ఉందిలే అనుకుంటే అక్కడా చూసుకోవాలి, అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టాలి, మామూలుగా కౌంటర్ కవర్ వద్దనాలి, పెద్ద ప్యాసింజర్ వ్యాన్లను చాలా కార్డులు లెక్కలోకే తీసుకోవు.

సౌండ్ (గురువారం పొద్దున)
దొరికింది! పోయినసారి స్పీకర్లు ఎక్కించేటప్పుడు తాళ్ళు ఎలా కట్టామో గుర్తుండాలని వీడియో తీశాను, వ్యాన్ తీసుకున్న గంటలోపే. వెనక తలుపు ఇంకా తెరవలేదు. నంబర్ ప్లేటుకు ఎడమవైపు జానెడు దూరంలో నల్లటి గీత మొదలై మూల తిరిగేచోట పైకి వంగింది, దాని చివర గోరంత మేర పెయింట్ లేచి తెల్లగా కనిపిస్తోంది. కంపెనీ ఫొటో పక్కన పెట్టి చూడండి, అదే వంపు, అదే తెల్ల మచ్చ.

రవాణా
నా ఫోన్లో ఆ షీటు కూడా ఉంది. బండి బొమ్మ వెనక భాగం మీద ఒక క్రాస్ పెట్టారు, ఏ మూల అన్నది రాయలేదు. ఇంకోటి, వాళ్ళ ఫొటో మీద మంగళవారం అని ఉంది. నేను తాళాలు వేసింది శనివారం రాత్రి. ఆ మధ్యలో బండి ఎక్కడుంది, ఎవరు నడిపారు?

కోశాధికారి
సరిగ్గా అదే అడుగుతూ మెయిల్ పెట్టాను, వీడియో, షీటు జతచేసి. రాత్రి కోపంలో ఏదో అన్నాను తమ్ముడూ, మనసులో పెట్టుకోకు.

రవాణా
సరే అన్నా. టెన్షన్ అందరికీ ఉంది.

సలహాదారు
గంట తర్వాత తీసిన వీడియో కాబట్టి ఆ గంటలోనే తగిలించారని వాళ్ళు అనొచ్చు. అయినా షీటు మీద క్రాస్, మంగళవారం ఫొటో, ఈ మూడూ కలిస్తే మన మాటకు బలం వస్తుంది. జవాబు శనివారంలోపు వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి. వేరే దారి చూడండి.

వేదిక
ఒక బుకింగ్ సైటులో చాలా చవగ్గా ఉంది, కవర్ కూడా వాళ్ళే ఇస్తున్నారు.

సలహాదారు
అమ్మా, అలాంటి సైట్ల కవర్ చాలావరకు రీఇంబర్స్‌మెంట్ పద్ధతి. ముందు కంపెనీకి మనం కట్టి, తర్వాత కాగితాలన్నీ పెట్టి సైటు వాళ్ళ దగ్గర తెచ్చుకోవాలి. కౌంటర్లో డిపాజిట్ మాత్రం మామూలుగానే పట్టి ఉంచుతారు. రోజు అద్దె చూసి కంపెనీని ఎంచుకోవద్దు. ఆ బ్రాంచిలో తిరిగి ఇచ్చేటప్పుడు మనిషి ఉంటాడా, మన ముందే చూసి సంతకం పెట్టి ఇస్తాడా, ఎక్సెస్ ఎంత, ఇవి అడగండి. రివ్యూలు కూడా ఆ బ్రాంచివే చదవండి, ఒకే బోర్డు కింద ఫ్రాంచైజీలు నడుస్తుంటాయి, పక్క ఊరి బ్రాంచి మంచిదైతే ఇదీ మంచిదని లేదు. 2015లో ఏవిస్, ఎంటర్‌ప్రైజ్, యూరోప్‌కార్, హెర్ట్జ్, సిక్స్ట్ కంపెనీలు, డబ్బు తీసుకునే ముందు డ్యామేజీని ప్రశ్నించే అవకాశం కస్టమర్‌కు ఇస్తామని యూరోపియన్ కమిషన్ దగ్గర ఒప్పుకున్నాయి. ఊరికే ఒప్పుకోలేదు, ఫిర్యాదులు అంతగా వచ్చాయి. 2025లో హెర్ట్జ్ అమెరికాలో కొన్ని విమానాశ్రయాల్లో బండి మీద డ్యామేజీ పట్టే స్కానర్లు పెట్టింది, గోటి గీత కూడా దాటిపోదు. మన దగ్గరా వీడియో ఉండి తీరాలి.

కొత్త వాలంటీర్
నేను నడపనా? ఇండియా లైసెన్స్ ఉంది, ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) తెచ్చుకోలేదు.

రవాణా
వద్దు తమ్ముడూ. ఐడీపీ ఇండియాలో ఆర్టీఓ దగ్గరే తీసుకోవాలి, ఇక్కడ దొరకదు. ఒప్పందంలో పేరు లేనివాళ్ళు నడిపితే ఉన్న కవర్ కూడా పోతుంది. నువ్వు స్టీరింగ్ ముట్టుకోకు, వీడియో నీ పని. నాలుగు వైపులా ఆగకుండా ఒకే టేక్, చక్రాల రిమ్ములు, తలుపుల కింద అంచులు, ముందు అద్దం, టాప్, చివర్లో పెట్రోల్ ముల్లు, కిలోమీటర్లు. బండి తడిగా ఉంటే తుడిచి తియ్యి, నీళ్ళ కింద గీతలు కనిపించవు.

అతిథులు
అయితే ఒక్క సెవెన్ సీటర్ నా పేరు మీద, నా కార్డు మీద తీసుకుంటాను, నేనే నడుపుతాను. బ్రాంచికి ఫోన్ చేశాను, ఆదివారం పదకొండుకి తెరుస్తారట, మనిషి ముందే చూసి కాగితం ఇస్తానన్నాడు. మిగతా కళాకారుల్ని మన సభ్యుల కార్లలో తెద్దాం, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దు, కిరాయికి తిప్పితే సొంత బీమా పలకకపోవచ్చు.

సౌండ్
స్పీకర్లు అద్దెకిచ్చే షాపు వాళ్ళు డెలివరీ చేస్తారట, హాలు గుమ్మం దాకా. బ్యాక్‌డ్రాప్ గుడ్డ చుట్టి నా కార్లో వెనక సీట్లు మడిచి తెస్తాను, ఫ్రేము విప్పితే సరిపోతుంది.

వేదిక
ఫ్రేము విప్పడానికి నేనూ మా ఆయనా వస్తాం. శనివారం రాత్రి హాలు ఖాళీ అయ్యేదాకా కూడా ఉంటాం, ఈసారి ఖాయం.

కోశాధికారి
కంపెనీ నుంచి మెయిల్: "పరిశీలిస్తున్నాం, అంతవరకు డబ్బు తీసుకోం." బ్యాన్ మాత్రం ఎత్తలేదు. అక్కా, సెవెన్ సీటర్ డిపాజిట్ ఎంత పట్టారో స్క్రీన్‌షాట్ పంపండి, అది వెనక్కి వచ్చేదాకా నేనే వెంటపడతాను.

అతిథులు
పంపుతాను. శుక్రవారం నాలుగింటికి బ్రాంచి ముందు కలుద్దాం, వీడియో తీసే తమ్ముడు ఫోన్ ఫుల్ చార్జ్ పెట్టుకుని రావాలి.