యూజర్ పోర్టుల్లో సీడీపీ, ఎల్‌ఎల్‌డీపీ ఆపేయాలా?

ర్యాక్7: సీడీపీ (సిస్కోది), ఎల్‌ఎల్‌డీపీ (అన్ని కంపెనీలదీ) అంటే నెట్‌వర్క్ పరికరాలు కేబుల్‌కి అవతల ఉన్న పరికరానికి తమ వివరాలు చెప్పుకునే ప్రోటోకాల్స్. ఆడిట్ వాళ్లు యాక్సెస్ స్విచ్‌లన్నిటిలో (యూజర్ల కంప్యూటర్లు, ఫోన్లు తగిలించే స్విచ్‌లు) ఈ రెండూ గ్లోబల్‌గా, అంటే స్విచ్ మొత్తానికీ, ఆపేయమన్నారు. మీరేం చేస్తున్నారు?

తాళంకప్ప: ఆపేయండి, ఇందులో ఆలోచించడానికేముంది? ఎవడో లాప్‌టాప్ తెచ్చి గోడమీది నెట్‌వర్క్ సాకెట్‌కి తగిలించి వైర్‌షార్క్ (ప్యాకెట్లు చూపించే టూల్) తెరిస్తే చాలు, స్విచ్ పేరు, మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మేనేజ్‌మెంట్ ఐపీ అన్నీ వచ్చి పడతాయి. డిఫాల్ట్‌గా సీడీపీ 60 సెకన్లకోసారి, సిస్కోలో ఎల్‌ఎల్‌డీపీ 30 సెకన్లకోసారి, అడక్కుండానే చెప్తాయి. ఆథెంటికేషన్ అనేదే లేదు.

నైట్‌డ్యూటీ: ముందు ఐపీ ఫోన్లున్నాయా లేవా అడగరేంటండీ? ఫోన్‌కి వాయిస్ వీలాన్ (కాల్స్ కోసం విడదీసిన నెట్‌వర్క్ భాగం) ఏదో చెప్పేది ఎల్‌ఎల్‌డీపీ-మెడ్ (ఎల్‌ఎల్‌డీపీకి ఫోన్ల లాంటి వాటి కోసం చేర్చిన భాగం), సిస్కో ఫోనైతే సీడీపీ. అది పోతే ఫోన్ వెళ్లి డేటా వీలాన్‌లో కూర్చుంటుంది. చాలా వైఫై యాక్సెస్ పాయింట్లు స్విచ్‌ని అదనపు పవర్ అడిగేదీ ఈ ప్రోటోకాల్స్‌తోనే, అది దొరక్కపోతే కొన్ని రేడియోలు తగ్గించుకుంటాయి. అప్పుడు వైఫై స్లో అని ఫోన్ నాకొస్తుంది, ఆడిట్‌కి కాదు.

తాళంకప్ప: వాయిస్ వీలాన్ డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్ ఇచ్చేది) ఆప్షన్‌తో కూడా ఇవ్వొచ్చు.

పోర్ట్‌మూల: ఇంత గొడవెందుకు, ఫోన్లు లేని పోర్టుల్లో 'నో ఎల్‌ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్' కొట్టి పంపడం ఆపి, రిసీవ్ ఉంచుకోండి.

తాళంకప్ప: రిసీవ్ ఉంచితే ఏం ఒరిగింది? 2020లో సీడీపీవాన్ అనే పేరుతో సిస్కో సీడీపీలో బయటపడ్డ ఐదు భద్రతా లోపాలూ వచ్చిన ప్యాకెట్‌ని చదవడంలోనివే. ట్రాన్స్‌మిట్ ఆపితే మన వివరాలు దాగుతాయి, అంతే. లోపలికొచ్చే దారి అలాగే తెరిచి ఉంటుంది.

నైట్‌డ్యూటీ: ప్యాచ్ వేసుకోండి మరి! మా దగ్గరా ఇలాగే గ్లోబల్‌గా ఆపించారు, అప్‌లింకుల్లో (స్విచ్‌ని పై స్విచ్‌కి కలిపే కేబుళ్లు) కూడా పోయింది. ఒక రాత్రి అప్‌లింక్ పడింది, డయాగ్రమ్‌లో ఒక పోర్టుంది, కేబుల్ ఇంకో దాన్లో ఉంది, అవతల ఏ పరికరముందో చూపే 'షో ఎల్‌ఎల్‌డీపీ నెయిబర్స్' కొడితే ఖాళీ. మ్యాక్ టేబుల్ (ఏ పరికరం అడ్రస్ ఏ పోర్టులో కనిపించిందో చెప్పే జాబితా) పట్టుకుని స్విచ్ స్విచ్‌కీ వెతుక్కుంటూ పోయేసరికి తెల్లారింది.

తాళంకప్ప: డయాగ్రమ్ అప్‌డేట్ చేయకపోవడం మీ టీమ్ తప్పు, దానికి ప్రోటోకాల్ ఏం చేస్తుంది?

నైట్‌డ్యూటీ: అదీ, ఇప్పుడొచ్చింది అసలు మాట. డయాగ్రమ్ రాయడానికి మనిషినివ్వరు, ఉన్న ఒక్క ఆధారం తీసేస్తారు, పొద్దున్నే ఆర్‌సీఏలో (తప్పు ఎందుకు జరిగిందో రాసే రిపోర్ట్) మాత్రం నా పేరు రాస్తారు.

తాళంకప్ప: ఎవరైనా లోపలికి చొరబడితే నా పేరే రాస్తారు సార్. సంతకం పెట్టేది నేను. మీ రాత్రి కష్టం నాకర్థం కాక కాదు.

కేబుల్‌కట్టర్: 😅 ఇది ఎల్‌ఎల్‌డీపీ గొడవ కాదని ఇప్పటికి తేలింది.

ర్యాక్7: సరే, గ్లోబల్‌గా ఆపను. మామూలు యూజర్ పోర్టులు, ఖాళీ పోర్టుల్లో రెండు వైపులా (పంపడం, అందుకోవడం) ఆపి, ఫోన్లు, యాక్సెస్ పాయింట్లు, అప్‌లింకులకి మినహాయింపు రాతపూర్వకంగా అడుగుతా. తాళంకప్ప గారూ, అలాంటి లెటర్ మీ దగ్గరికొస్తే సంతకం పెడతారా?

తాళంకప్ప: పోర్టుల లిస్టు ఉంటే పెడతా. లేకపోతే లేదు.

నైట్‌డ్యూటీ: ఆ లిస్టు డయాగ్రమ్ చూసి రాయకండి. ఏదీ ఆపకముందే నెయిబర్ టేబుల్ తీసి పెట్టుకోండి.